ఇంగ్లండ్ కాలువలో పడవ తిప్పడం, నీళ్లు పట్టడం, డబ్బా ఖాళీ చేయడం: సీమ కుటుంబాలకు

కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో అనంతపురంలోనో ఉండే అమ్మానాన్నలు వేసవికి పిల్లల దగ్గరికి ఇంగ్లండ్ వెళ్తారు. అక్కడ పిల్లలు ఒక వారం నారోబోట్ (లోపలే వండుకుని పడుకునే సన్నటి కాలువ పడవ) అద్దెకు తీసుకుందామంటారు. అద్దె పడవ నడపడానికి లైసెన్సు అక్కర్లేదు. అద్దెకిచ్చేవాళ్లు గంటసేపు దగ్గరుండి నేర్పించి తాళంచెవి చేతిలో పెడతారు. ముందుకు నడపడం ఆ గంటలో వచ్చేస్తుంది. రానివి రెండు. పడవను వెనక్కి తిప్పుకోవడం ఒకటి. ఇంట్లో మనం పట్టించుకోకపోయినా జరిగిపోయే నీళ్లు, మరుగుదొడ్డి, చెత్త పనులు పడవలో జరుపుకోవడం రెండోది. అద్దె పడవల్లో వారం పాడయ్యేది ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే.

మన కర్నూలు–కడప (కె.సి.) కాలువను 1863–1870 మధ్య తవ్వినప్పుడు పొలాలకూ పడవలకూ రెండింటికీ పనికొచ్చేలా తవ్వారు. 1933లో పడవలు ఆగిపోయి సేద్యం మిగిలింది. ఇంగ్లండులో సరుకు పడవలు పోయాయి, సెలవు పడవలు వచ్చాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల కాలువలను, నదులను 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చూసుకుంటోంది. సుంకేసుల గేట్లు ఎత్తినప్పటి ఉరవడి అక్కడ కనిపించదు. చాలాచోట్ల నీళ్లు చెరువులో మాదిరి నిలిచి ఉంటాయి.

ఇంట్లో కూర్చుని చేయాల్సిన లెక్క

నారోబోట్ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. పొడవు 30 నుంచి 70 అడుగుల దాకా ఉంటుంది. ఐదారుగురికి ఇచ్చేది సాధారణంగా 57 నుంచి 65 అడుగుల పడవ. 57 అడుగులంటే 17 మీటర్ల పైచిలుకు, కాలువ వెడల్పేమో చాలాచోట్ల అంతకంటే తక్కువ. అంటే కారును రోడ్డు మీద తిప్పినట్టు ఎక్కడపడితే అక్కడ తిప్పలేరు. తిప్పుకోవడానికి గట్టును లోపలికి తొలిచి ఉంచిన చోట్లు వేరే ఉంటాయి. వాటిని విండింగ్ హోల్ అంటారు. గాలి అనే అర్థంలో వచ్చే ‘విండ్’ అది. ‘వైండింగ్’ అని అడిగితే అక్కడివాళ్లు ముఖం చూస్తారు.

బుక్ చేసే ముందు ఈ వరుసలో కాగితం మీద రాసుకోండి.

ముందు దూరం. వేగ పరిమితి గంటకు 4 మైళ్లు, అంటే ఆరు కిలోమీటర్ల పైచిలుకు. కట్టి ఉన్న పడవల పక్కన ఇంకా తగ్గించాలి కాబట్టి గంటకు 3 మైళ్లనే లెక్క వేసుకోండి. ఒక్కో లాకును (ఎత్తుపల్లాలున్న చోట పడవను ఎక్కించి దించే గేట్ల గది) ఒక మైలు కింద కలపండి. మొత్తాన్ని మూడుతో భాగిస్తే గంటలు వస్తాయి. కర్నూలు నుంచి నంద్యాలకున్న దూరం, అంటే సుమారు 70 కిలోమీటర్లు, ఒక్క లాకు లేకపోయినా ఈ పడవకు 15 గంటలు. పెద్దవాళ్లుంటే రోజుకు 5 గంటలకు మించి పెట్టుకోవద్దు.

తర్వాత తిరుగుడు చోటు. వచ్చిన దారినే వెనక్కి రావాలంటే మీరు పోదలచిన చివరి విండింగ్ హోల్ ఏదో, అది ఎంత పొడవు పడవకు సరిపోతుందో పటంలో చూసి రాసుకోండి. దానికి ముందున్నది కూడా రాసుకోండి, అది మీకు రెండో తలుపు. పటంలో 70 అడుగులని ఉన్నా పూడిక పడి అరవైకే చాలుతున్నవి ఉంటాయి. కాబట్టి అద్దెకిచ్చేవాళ్లను ఒకే ప్రశ్న అడగండి: “ఈ పడవ ఈ మధ్య అక్కడ తిరిగిందా?” జవాబు నీళ్లు నమిలినట్టుంటే ముందరి చోటే ఖాయం చేసుకోండి. చివరి చోటు దాటిపోయారంటే తర్వాతిది మైళ్ల దూరంలో ఉండొచ్చు. నారోబోట్ రివర్సులో చుక్కాని మాట వినదు కాబట్టి మైలు దూరం వెనక్కి నడపడమన్నది మరిచిపోండి.

చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చే దారులైతే తిప్పే పనే లేదు. కానీ వాటిలో పేరున్న ఫోర్ కౌంటీస్ రింగ్ సుమారు 110 మైళ్లు, 94 లాకులు. పై లెక్కలో 68 గంటలు. వారంలో అది కూలి పని అవుతుంది, సెలవు కాదు. మొదటిసారి వెళ్లే కుటుంబానికి మా ఓటు లంగోలెన్ కాలువకే. ట్రెవర్ దగ్గర ఎక్కితే ఒకవైపు లంగోలెన్ ఊరి దాకా లాకులే లేవు. ఇంకోవైపు ఎల్స్‌మియర్ దాకా న్యూ మార్టన్ దగ్గర రెండే రెండు. మధ్యలో 1805లో కట్టిన పోంట్‌కసిల్తే వంతెన మీదుగా, డీ నదికి 126 అడుగుల ఎత్తున, పడవ ఇనుప తొట్టిలో నడుస్తుంది. ఒకవైపు నడకబాట, దానికి కమ్మీలు ఉంటాయి. రెండోవైపు తొట్టి అంచు తప్ప ఏమీ లేదు. వంతెన దాటేదాకా పిల్లలను పడవ లోపలే కూర్చోబెట్టండి. లంగోలెన్ ఊరు దాటాక మోటారు పడవలను పోనివ్వరు, తిరగాల్సింది అక్కడే. వేల్స్‌లోని మన్‌మత్‌షర్ అండ్ బ్రెకన్ కాలువ కూడా నెమ్మదైనదే: 35 మైళ్లు, 6 లాకులు.

నవంబరు నుంచి మార్చి దాకా మరమ్మతులకు కాలువలను విడతలవారీగా మూసేస్తారు. ఆ నెలల్లో బుక్ చేస్తే మీ దారి తెరిచి ఉందో లేదో ముందు కనుక్కోండి.

పడవ తిప్పడం

ముందు మిద్దె మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసి కాలువ అనుకోండి. ఒక పక్క గీతలో త్రికోణం ఆకారంలో గుంత గీయండి. గీతల మధ్య దూరం కంటే కొంచెం పొడవైన కర్ర ఒకటి తీసుకుని తిప్పి చూడండి. కర్ర ముక్కు గుంతలోకి పోతేనే తోక అవతలి గట్టుకు తగలకుండా తిరుగుతుంది. కాలువలో చేయాల్సింది కూడా ఇదే, కాకపోతే కర్ర బరువు 15 టన్నులు దాటుతుంది.

గుంత సాధారణంగా నడకబాటకు ఎదురు గట్టున ఉంటుంది. మీరు పోతున్న దిక్కుకు అది ఎడమవైపు ఉందనుకుందాం.

1. వంద మీటర్ల ముందే లివరు తగ్గించండి. ఈ పడవకు బ్రేకులు లేవు, రివర్సే బ్రేకు. ఎదురుగా గానీ వెనక గానీ పడవ వస్తుంటే దాన్ని పోనివ్వండి. మీరు తిప్పుతున్నంతసేపూ కాలువ మొత్తం మూసుకుపోతుంది.

2. పడవ ముక్కు మీద నిలబడ్డవాళ్లను కూర్చోమనండి. ముక్కు మట్టికి తాకినప్పుడు వచ్చే కుదుపుకు నిలబడ్డవాళ్లు నీళ్లలో పడతారు. కాలితో గట్టును నెట్టి పడవను ఆపాలని ఎవరూ చూడకూడదు. గట్టుకూ పడవకూ మధ్య పడ్డ కాలు నలిగిపోతుంది.

3. ముక్కు గుంత దగ్గరికి రాగానే చుక్కాని పిడిని కుడివైపు నెట్టండి. పిడి కుడికి పోతే ముక్కు ఎడమకు పోతుంది. మొదటి రోజు అందరూ తికమకపడేది ఇక్కడే. ముక్కును గుంత లోతట్టుకు, నడక వేగం కంటే తక్కువలో, మెల్లగా ఆనించండి.

4. ముక్కు ఆనాక పిడిని కుడివైపే బిగబట్టి, ఇంజన్ను ముందుకే, తక్కువ వేగంలో ఉంచండి. ముక్కు కదలదు, వెనక భాగం మెల్లగా తిరగడం మొదలవుతుంది. అది మీరు వచ్చిన వైపుకు కాదు, పోతూ ఉన్న వైపుకు తిరుగుతుంది. ఒకటి రెండు నిమిషాలు పట్టొచ్చు. తొందరపడి లివరు పూర్తిగా నెడితే ముక్కు మట్టిలో దిగబడిపోతుంది.

5. పడవ సగం కంటే ఎక్కువ తిరిగి, ముక్కు మీరు వచ్చిన దిక్కుకు వాలినట్టు కనిపించగానే న్యూట్రల్, తర్వాత రివర్సు. ముక్కు ఊడిరాగానే మళ్లీ న్యూట్రల్, మళ్లీ ముందుకు, పిడి కుడికే. ఒక్క ఊపులో తిరగకపోతే ఈ ముందు–వెనక ఆట రెండు మూడు సార్లు ఆడండి. ముందుకు నుంచి వెనక్కి ఒకేసారి లాగితే గేరుబాక్సు పాడవుతుంది. మధ్యలో రెండు సెకన్లు న్యూట్రల్‌లో ఆగాలి.

గుంత కుడివైపు ఉంటే ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగేసుకోండి.

ఎప్పుడూ ముక్కునే గుంతలో పెట్టాలి, తోకను కాదు. వెనక కింద చుక్కాని, ప్రొపెల్లర్ ఉంటాయి. గట్టు దగ్గర నీళ్లు లోతుండవు, రాళ్లు, చెట్టు వేర్లు ఉంటాయి. వెనక్కి గుద్దితే చుక్కాని తన గుంటలోంచి లేచిపోతుంది. అక్కడితో ఆ రోజు ప్రయాణం అయిపోయినట్టే.

గాలి సంగతి వేరుగా చెప్పాలి. పడవ ముందు భాగం నీళ్లలో తక్కువ మునుగుతుంది, గాలికి ముందు కొట్టుకుపోయేది అదే. ఎదురుగాలి ఉన్నప్పుడు తోక గాలికి ఎదురెక్కాలి కాబట్టి ఇంజనుకు కొంచెం ఎక్కువ బలం ఇవ్వాల్సి వస్తుంది. వెనక గాలైతే తోకను అదే తోసిపెడుతుంది. లంగోలెన్ కాలువలో నీళ్లు మెల్లగా పారుతూ ఉంటాయి. లంగోలెన్ వైపు పోతుంటే ఎదురు పారుదల, లెక్క ఎదురుగాలిదే. నడకబాట వైపు నుంచి గుంత వైపుకు గాలి కొడుతుంటే తిరగడం బాగానే తిరుగుతారు కానీ గట్టు నుంచి ఊడిరావడం కష్టం. అప్పుడు ముక్కు దగ్గర ఒకరు పొడవు కర్రతో గట్టును నెట్టాలి. కర్ర చివర పక్కటెముకల పక్కనుంచి పోవాలి. పొట్టకు ఆనించి నెడితే పడవ కదిలినప్పుడు కర్ర పొట్టలో గుచ్చుకుంటుంది. చెట్లు వంగిపోయేంత గాలి ఉంటే గట్టుకు కట్టేసి టీ పెట్టుకోండి. సాయంత్రానికి చాలాసార్లు తగ్గుతుంది.

మట్టిలో ఇరుక్కుంటే ముందుకు ముందుకు నెట్టొద్దు. వచ్చిన దారినే రివర్సులో రావాలి. లోపలున్నవాళ్లందరూ ఇరుక్కోని వైపుకు నడిచి పడవను అటూఇటూ ఊపితే చాలాసార్లు వదులుతుంది. నీళ్లు బురదగా చిలుకుతూ పడవ కదలకపోయినా, ఇంజన్ అరుస్తూ వేగం రాకపోయినా ప్రొపెల్లరుకు ఏదో చుట్టుకుందని అర్థం: సంచి, తాడు, ఒక్కోసారి చీర లాంటి గుడ్డ. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే వెనకనున్న వీడ్ హ్యాచ్ మూత తీసి చేత్తో లాగాలి. మూత మళ్లీ గట్టిగా బిగించారో లేదో ఇద్దరు చూడండి. వదులుగా ఉంటే ప్రొపెల్లర్ తిరగ్గానే నీళ్లు ఇంజన్ గదిలోకి ఎగదన్నుతాయి, పడవలు మునిగేది ఇలాగే.

విండింగ్ హోల్‌లో పడవ కట్టి నిద్రపోకూడదు. నీళ్ల కుళాయి దగ్గర, లాకు ముందర ఆగే చోట, వంతెన కింద, మలుపులో కూడా కట్టకూడదు. మిగతాచోట్ల నడకబాట పక్కన బోర్డు లేకపోతే 14 రోజుల దాకా ఉండొచ్చు. గొడ్డును కట్టినట్టే ఇనుప గూటాలు దిగ్గొట్టి ముందూ వెనకా రెండు తాళ్లు కట్టాలి. గూటం కొన పడవ వైపుకు, తల పడవకు దూరంగా వాలేలా కొట్టండి, తెల్లారేసరికి ఊడిరాకుండా ఉంటుంది. నడకబాటకు అడ్డంగా తాడు పోనివ్వద్దు. లాకులో మాత్రం తాడును కొక్కేనికి ముడి వేయనే వద్దు, చుట్టి చేత్తో పట్టుకోవాలి. నీళ్లు దిగుతుంటే ముడి వేసిన పడవ తాడుకు వేలాడుతుంది. దిగేటప్పుడు వెనక గేటు కింద రాతి గడప ఒకటి ఉంటుంది, గోడ మీద తెల్ల గీత దాని గుర్తు. పడవ తోక ఆ గీతకు ముందుండాలి. గడప మీద తోక కూర్చుంటే ముక్కు కిందికి పోయి పడవ మునుగుతుంది.

నీళ్లు

ట్యాంకు సాధారణంగా 400 నుంచి 700 లీటర్లు పడుతుంది. ఐదుగురు మనవాళ్లుంటే రోజు విడిచి రోజు కాదు, ప్రతి రోజూ కుళాయి దగ్గర ఆగుతామనే అనుకోండి. కుళాయిలు పటంలో గుర్తుపెట్టి ఉంటాయి. కొన్ని పెట్టెలో తాళం వేసి ఉంటాయి. పడవతో ఇచ్చే వాటర్‌మేట్ తాళంచెవికి తెరుచుకుంటాయి. అది నీళ్లలో పడ్డా తేలేలా బెండు బిళ్లకు కట్టి ఉంచండి.

పైపు తగిలించే ముందు కుళాయిని కొన్ని సెకన్లు వదిలేయండి. పైపు కొన నేలకు తాకనివ్వద్దు. ట్యాంకు మూత ఎక్కువగా ముక్కు దగ్గర ఉంటుంది, మీద ‘వాటర్’ అని ఉంటుంది. చదవకుండా మూత తీయొద్దు. డీజిల్ మూత, మరుగుదొడ్డి ట్యాంకు (పంపౌట్) మూత చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి. డీజిల్ ట్యాంకులో నీళ్లు పోసే పొరపాటు అనుభవమున్నవాళ్లు కూడా చేస్తారు. ఒత్తిడి తక్కువైతే గంట పడుతుంది కాబట్టి భోజనం వేళకు కుళాయి దగ్గరికి చేరేలా చూసుకోండి. నిండితే గాలి రంధ్రంలోంచి నీళ్లు బయటికి కారుతాయి. వెనక ఎవరైనా ఆగి ఉంటే నిండిన వెంటనే కదలాలి. అక్కడ అంట్లు తోమడం, పడవ కడగడం పెట్టుకోవద్దు.

సింకులో పోసిన నీళ్లు నేరుగా కాలువలోకి పోతాయి. తాలింపు నూనె, ఊరగాయ గిన్నె కడిగిన నూనె అందులో పోయకూడదు. కాగితంతో తుడిచి చెత్తలో వేసి, తర్వాత కడగండి.

మరుగుదొడ్డి: మన ఇళ్లకు అసలు చిక్కు

పడవల్లో రెండు రకాలు. పంపౌట్ అంటే పడవ కింద పెద్ద ట్యాంకు. నిండాక పడవల యార్డులో డబ్బు కట్టి పైపుతో లాగించుకోవాలి. చాలాసార్లు అది వారం మొత్తానికి చాలుతుంది. రెండోది క్యాసెట్. సీటు కింద సుమారు 20 లీటర్ల డబ్బా ఉంటుంది. దాన్ని బయటికి లాగి ఎల్సాన్ అనే చోట మనమే ఖాళీ చేయాలి.

అక్కడివాళ్లు కాగితం వాడతారు కాబట్టి ఆ డబ్బా ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుంది. మనకు చెంబు కావాలి. ఒక్కోసారికి లీటరున్నర నీళ్లనుకున్నా 13 సార్లకు డబ్బా నిండిపోతుంది. ఐదుగురుంటే మధ్యాహ్నానికే ఎర్ర దీపం వెలుగుతుంది. అందుకే మీ కుటుంబానికి పంపౌట్ ఉన్న పడవే అడగండి, క్యాసెట్ తప్పదంటే అదనపు డబ్బా ఒకటి అడిగి తీసుకోండి. చెంబు బదులు 300 మిల్లీలీటర్ల పిచికారీ సీసా పెట్టండి. నాన్నలు మొదటి రోజు సణుగుతారు, రెండో రోజుకు అలవాటవుతుంది. ఏ రకమైనా తడి తుడుపు కాగితాలు, ప్యాడ్లు లోపల వేయకూడదు, యంత్రం మూసుకుపోతుంది.

డబ్బా ఖాళీ చేసే పద్ధతి ఇది. చేతికి తొడుగులు వేసుకోండి. డబ్బా నిలువుగా మోయండి, పడుకోబెడితే కారుతుంది. ఎల్సాన్ తొట్టి దగ్గర పోత గొట్టాన్ని బయటికి తిప్పి మూత తీయండి. వంచేటప్పుడు వెనకనున్న గాలి గుబిక బొటనవేలితో నొక్కి పట్టండి. అది నొక్కకపోతే లోపలికి గాలి పోక గుడగుడమని ఎగిరి కాళ్ల మీద పడుతుంది. అక్కడుండే పైపుతో సగం నీళ్లు పోసి, ఊపి, రెండుసార్లు తొలిచి పారబోయండి. చివరికి రెండు లీటర్ల శుభ్రమైన నీళ్లు, మరుగుదొడ్డి మందు దాని సీసా మీద రాసినంత పోసి మూత బిగించండి. తొలవడానికి తాగే నీళ్ల కుళాయి గానీ, ట్యాంకుకు వాడే పైపు గానీ ముట్టుకోవద్దు. రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఈ పని ఒక్కరికే అప్పగించండి, నీళ్లు పట్టేది ఇంకొకరు. చెత్త తొట్లు కుళాయి ఉన్న ప్రతిచోటా ఉండవు. వాటి గుర్తు కూడా పటంలో విడిగా చూసుకోవాలి.

వంట, చలి, రాత్రి

గ్యాసు పొయ్యి ఉంటుంది, కుక్కరు పెట్టొచ్చు, సంగటి కెలకొచ్చు. మిక్సీ మాత్రం ఇన్వర్టరు మీద మొరాయిస్తుంది. చెనక్కాయల పొడి, కారం, నూరిన మసాలా ఇంటి నుంచే కట్టుకుపోండి. మధ్యాహ్నం పడవ నడుస్తుండగా వంట పెట్టుకోకుండా బొరుగులు, చిత్రాన్నంతో సరిపెట్టుకుంటే అందరూ బయట కూర్చోవచ్చు.

మన ఎండలకు అలవాటైన పెద్దవాళ్లకు రాత్రి పడవలో చలి ఎక్కువ. తలుపుల్లో, పైకప్పులో గాలి రంధ్రాలు కనిపిస్తాయి. అందులోంచి చలి వస్తోందని దుప్పటి గానీ గుడ్డ గానీ కుక్కారంటే ప్రాణం పోయే పని. పొయ్యిలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రంధ్రాలు వదిలేసి ఇంకో దుప్పటి కప్పుకోండి. అలారం పనిచేస్తోందో లేదో ఎక్కిన రోజే గుబిక నొక్కి చూడండి.

రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా కట్టి ఉన్న చోట ఇంజన్ నడపకూడదు. బ్యాటరీలు పగలే నిండాలి. రోజూ ఇంజన్ ఆపాక వెనక గ్రీజు పిడి ఉంటే గట్టిపడేదాకా ఒకటి రెండు చుట్లు తిప్పండి, లేకపోతే ప్రొపెల్లర్ ఇరుసు పక్కనుంచి నీళ్లు లోపలికి చుక్కలుగా కారుతూనే ఉంటాయి. పొద్దున ఇంజన్ ఆయిల్ పుల్ల చూసి స్టార్ట్ చేయండి.

అప్పగించాల్సిన వేళ చాలాచోట్ల ఉదయం 9 గంటలే. కాబట్టి చివరి సాయంత్రం యార్డుకు గంట దూరంలోపు చేరుకుని, పడవను అప్పటికే యార్డు వైపు తిప్పి కట్టుకోండి. పొద్దున మంచులో, నిద్రకళ్లతో, పెట్టెలు సర్దుకుంటూ విండింగ్ హోల్‌లో తిప్పాల్సిన పని పెట్టుకోవద్దు. క్యాసెట్ ఖాళీ చేసి, వాటర్‌మేట్ తాళంచెవి, లాకు తిప్పే ఇనుప పిడులు లెక్కపెట్టి వంటగది బల్ల మీద పెట్టండి. పిడి ఒకటి తగ్గితే లాకు పక్కన గడ్డిలో మరిచిపోయి ఉంటారు. దానికి కోత మీ డిపాజిట్‌లోంచే పడుతుంది.